ఒక ఓడకు వంద కిలోలు

విశాఖపట్నం తూర్పు నౌకాదళ ప్రధానాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను కురుపాం మార్కెట్టు దగ్గర సందులో ఉంగరాల పని చేసుకునే కంసాలిని. మా తాత కూర్చున్న పీట మీదే నాన్న కూర్చున్నారు, ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. మీ కార్యాలయంతో నాకు ఏ లావాదేవీ లేదు, టెండరు కోసం రాయడం లేదు. ఒక కోరిక ఉంది. ఏళ్ళ తరబడి మనసులో నలిగిన కోరిక కాబట్టి దాచకుండా ముందే చెప్పేస్తాను.

మీ రేవులో ఏ యుద్ధనౌకకు ఆఖరిసారి పతాకం దించినా, ఆ ఓడ తుక్కు వేలానికి వెళ్ళేలోపు అందులోంచి వంద కిలోల లోహం తీసి పక్కన పెట్టించండి. దాంతో ఆ ఓడలో పని చేసినవాళ్ళకు ఉంగరాలు చేయిద్దాం. ఒక్కటి కూడా అమ్మొద్దు. అన్నీ ఇవ్వడానికే.

ఈ కోరిక మా మేనమామ వల్ల పుట్టింది. ఆయన 1966లో నేవీలో చేరారు. 1971 యుద్ధం నాటికి విమానవాహక నౌక విక్రాంత్ బాయిలరు గదిలో ఉన్నారు. విక్రాంత్ కథ మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. అప్పటికి ఆ ఓడకు ఒక బాయిలరు పగుళ్ళిచ్చింది. మిగిలిన మూడింటితో, తగ్గించిన వేగంతో యుద్ధానికి వెళ్ళారు. డిసెంబరు 4న దాని మీంచి లేచిన విమానాలు కాక్స్‌బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. సరిగ్గా అంతకు ముందు రాత్రే, విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ తీరం ఎదుట మునిగిపోయింది. విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువును నమ్మించడానికి పాత రాజ్‌పుత్ ఓడను వాడుకున్నారు. అసలు ఓడ అండమాన్‌లలో ఉంది. ఇదంతా తర్వాత పుస్తకాల్లో, సినిమాల్లో వచ్చింది. మామయ్య మాత్రం ఎప్పుడు అడిగినా వేడి గురించే చెప్పేవారు. బాయిలరు ముందు చొక్కా ఉప్పు కట్టి అట్టలా నిలబడేదట. పైన విమానం లేచిన చప్పుడు కింద గదిలో గుండెకు తగిలేదట. ఆ యుద్ధంలో ఆయన సముద్రాన్ని చూసింది తక్కువ.

1961 మార్చి 4న కమిషన్ అయిన ఆ ఓడ 1997 జనవరి 31న సేవ చాలించింది. ముంబయిలో 2012 దాకా ప్రదర్శనశాలగా ఉంది. ఆ తర్వాత వేలం. సుమారు 60 కోట్ల రూపాయలకు అమ్మారు. 2014 ఆగస్టులో సుప్రీంకోర్టులో అడ్డు తొలిగింది, నవంబరులో ముంబయి దారుఖానాలో కోత మొదలైంది. ఆ వార్త టీవీలో వచ్చిన రోజు మామయ్య అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయారు.

అందులో కొంత లోహం బజాజ్ వాళ్ళు కొన్నారు. 2016లో దాన్ని పెట్రోలు ట్యాంకులో కలిపి వి అనే మోటారుసైకిలు తెచ్చారు. అర్జాన్ ఖంబాటా అనే శిల్పి మరికొంత లోహంతో ముంబయిలో ఒక స్మారకం చేశారు. రెండూ మంచి పనులే. మోటారుసైకిలును మల్కాపురంలో మామయ్య వాళ్ళ వీధి కుర్రాడు కొన్నాడు. మామయ్య వెళ్ళి ఆ ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. మే నెల. ఎండకు ఇనుము కాలుతోంది. చెయ్యి తియ్యలేదు. కుర్రాడికి ఏం మాట్లాడాలో తెలియక తాళం చెవి తీసి ఆయన చేతికిచ్చాడు. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి బండి ఏం నడుపుతారు? తాళం తిరిగి ఇచ్చేసి ఇంటికొచ్చి నాకు ఫోను చేశారు. "ఒరే, ఆ ఓడ ముక్క గోరంత దొరికినా నాకో ఉంగరం చేసిపెడతావేంట్రా?"

దొరుకుతుందని ముంబయిలో ఉన్న ఆయన పాత సహచరుడు కబురు పెట్టారు. తుక్కు వ్యాపారి ఒకడు విక్రాంత్ ముక్కలంటూ విడిగా అమ్ముతున్నాడు, అరచేయంత బిళ్ళ నాలుగు వేలు. మామయ్య పింఛనులోంచి పంపారు. పాత బనీను గుడ్డలో చుట్టి ముక్క వచ్చింది. బూడిదరంగు పెయింటు, అంచులు గ్యాసు కట్టరుతో కోసిన గుర్తులు. నా పీట ముందు కూర్చుని, ఆకురాయి పెట్టి ఒక మూల గీకమన్నారు. గీకాను. ఒకటే పూత. దాని కింద నేరుగా తుప్పు.

మామయ్య కళ్ళద్దాలు తీసి ముక్కను కంటి దగ్గరకు తెచ్చుకుని చూశారు. "ఇది మన ఓడది కాదురా," అన్నారు. "మన ఓడకి ఎన్ని పూతలో నాకు తెలుసు. గీకడం, మళ్ళీ వెయ్యడం, ఖాళీ దొరికితే అదే పని. చెట్టుని కోస్తే వలయాలు కనపడతాయి చూడు, అలా ఉండాలి. అడుగున ఎర్ర పెయింటుండాలి."

ఆయన కోపపడలేదు. ముక్కను అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. అది ఇప్పటికీ నా పీట కింద ఉంది. బరువు కోసం కూడా వాడబుద్ధి కాదు.

అయ్యా, ఆ రోజు నాకు తెలిసొచ్చింది ఇది: ఇలాంటి లోహానికి విలువ తూకంలో లేదు, మెరుగులో లేదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగే నోటి మాటలో, చేతి సంతకంలో ఉంది. బంగారమైతే గీటురాయి మీద గీసి నేను చెప్పేస్తాను. ఓడ ఇనుముకు గీటురాయి లేదు. మీరొక్కరే చెప్పగలరు.

మా దగ్గరకు శని ఉంగరాల కోసం వచ్చేవాళ్ళను చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. గుర్రపు నాడాతో చేసిన ఉంగరం కావాలంటారు, పడవ మేకుతో చేసింది కావాలంటారు. కొత్త ఇనుముతో పది రూపాయలకే చేసి ఇస్తామన్నా తీసుకోరు. "గుర్రం తొక్కిన నాడాయేనా? పడవలో ఉన్న మేకేనా?" అని రెండుసార్లు అడుగుతారు. శని సంగతి పండితులు చెప్పాలి, నేను చెప్పను. కానీ ఆ ప్రశ్న మీద నాకు గౌరవం ఉంది. పరుగు తీసిన ఇనుము, ఉప్పునీళ్ళలో చెక్కను విడవకుండా పట్టుకున్న ఇనుము వేరు అని మనవాళ్ళు తరతరాలుగా అనుకుంటున్నారు. వేలికి పెట్టుకోవడానికి ఖరీదైనదాన్ని కాక కష్టపడ్డదాన్ని కోరుకోవడం మనకు కొత్త కాదు.

యుద్ధం చేసినవాళ్ళ ఇనుమును దాచుకోవడమూ కొత్త కాదు. పల్నాడులో కారెంపూడికి వెళ్ళండి. కార్తీక అమావాస్యకు వీరుల ఉత్సవం జరుగుతుంది. వీరాచారవంతులు తమ ఇళ్ళలో కాపాడుకుంటూ వస్తున్న ఆయుధాలను, కొణతాలంటారు వాటిని, తీసుకొచ్చి నాగులేటిలో స్నానం చేయించి పూజిస్తారు. ఆ వీరులు పోరాడిన పల్నాటి యుద్ధానికి ఎనిమిది వందల ఏళ్ళు దాటాయి. ఏ కొణతం ఏ వీరుడి పేరు మీద ఉందో, ఎవరింట్లో ఉండాలో వాళ్ళకు తెలుసు. అప్పుడు కాగితం లేదు గానీ, వంశం ఉంది, వరుస తప్పని ఆచారం ఉంది, ఊరంతా సాక్ష్యం ఉంది. విక్రాంత్ ముక్కకు అలాంటి సాక్ష్యం పలికేవాళ్ళు లేకపోయారు, అదే నా బాధ.

నా పని ఉంగరం కనుక, యుద్ధాలతో ముడిపడ్డ లోహంతో ఉంగరాలు ఇంకెక్కడెక్కడ చేశారో తెలిసినంత మేరకు తెలుసుకున్నాను. నా మనసులో నాటుకుపోయినవి కొన్ని మీ ముందు పెడతాను.

1813లో ప్రష్యా నెపోలియన్ మీద పోరాటానికి లేచినప్పుడు ఖజానా ఖాళీ. రాజవంశానికి చెందిన మరియానె అనే యువరాణి ఆడవాళ్ళకు పిలుపునిచ్చింది. వాళ్ళు పెళ్ళి ఉంగరాలు, గొలుసులు తెచ్చి ఇచ్చారు. బదులుగా వాళ్ళకు ఇనుప నగలు, ఇనుప ఉంగరాలు ఇచ్చారు. బంగారం ఇచ్చి ఇనుము తీసుకున్నానన్న అర్థం వచ్చే మాటలు వాటి మీద ఉండేవి. ఆ తర్వాత కొన్నాళ్ళు వేలికి బంగారం ఉండటం చిన్నతనంగా, ఇనుము ఉండటం గౌరవంగా మారిందంటారు. కంసాలిగా ఈ కథ నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మన దగ్గర 1962లో చైనా యుద్ధమప్పుడు రక్షణ నిధికి ఎంతోమంది ఆడవాళ్ళు గాజులు, గొలుసులు తీసిచ్చారు. వాళ్ళ చేతికి తిరిగి ఒక ఇనుప ఉంగరం వచ్చుంటే ఈనాడు మనవరాళ్ళ పెట్టెల్లో అది ఉండేది కదా!

రెండోది మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లోది. జర్మన్ ఫిరంగి గుండ్ల కొసకు ఉండే ఫ్యూజుల్లో అల్యూమినియం ఉండేది. పేలిన గుండ్ల ముక్కల్ని ఫ్రెంచి సైనికులు ఏరుకునేవారు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, అంటే వంట మంటను కాస్త ఊది రేపితే చాలు. గరిటెలో కరిగించి, దొరికినదాంతో అచ్చు చేసి పోసి, ఆకురాయితో ఉంగరంగా అరగదీసేవారు. గుండు చుట్టూ ఉండే రాగి పట్టీలోంచి చిన్న ముక్క తీసి గుండె ఆకారంలో పొదిగేవారు. ఇంటికి, ప్రేయసికి, తల్లికి పంపేవారు. తమను చంపడానికి వచ్చిన లోహాన్ని పెళ్ళి కానుకగా మార్చిన ఆ కుర్రవాళ్ళకు కుంపటి లేదు, పీట లేదు, గురువు లేడు. మ్యూజియాల్లో ఉన్న ఆ ఉంగరాల ఫోటోలు పెద్దవి చేసి చూశాను. ఆకురాయి గీతలు ఒక వైపు లోతుగా, ఒక వైపు పైపైన ఉంటాయి. పట్టకారు లేక చేత్తో పట్టుకుని రుద్దిన పని అది.

ఇప్పుడు అమెరికాలో చిన్న చిన్న పనివాళ్ళు రెండో ప్రపంచయుద్ధంలో వాడిన ఎం1 గారండ్ తుపాకుల చెక్కతో, పాత యుద్ధనౌకల డెక్కు మీది టేకుతో ఉంగరాలు చేస్తున్నారు. తాతగారు మోసిన రకం తుపాకీ చెక్క మనవడి పెళ్ళి ఉంగరం లోపల ఉంటుంది. చూడటానికి ఎంతో బాగుంటాయి. అయితే ఏ తుపాకీ ఎవరు మోశారో చాలాసార్లు చెప్పలేరు. మన దగ్గర ఆ లోటు లేకుండా చేయవచ్చు, ఎందుకంటే ఓడ ఎక్కడికీ పోలేదు, మీ రేవులోనే, మీ లెక్కలోనే ఉంటుంది.

లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి బ్రిటిష్ వాళ్ళ శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఒక్కటి చాలు. 1856లో నెలకొల్పిన ఆ పతకాన్ని క్రిమియా యుద్ధంలో సెబాస్తపోల్ దగ్గర పట్టుకున్న రష్యన్ ఫిరంగుల కంచుతో చేస్తారని లోకమంతా నమ్మింది. మన సైనికులూ ఎంతోమంది అందుకున్న పతకం అది. తర్వాత పరిశీలించినవాళ్ళు చూస్తే, ఆ కంచును కోసి తీశారని చెప్పే ఫిరంగులు చైనా పనితనం. కంచు మిశ్రమం కూడా అన్ని కాలాల పతకాల్లో ఒకటి కాదు. అందువల్ల ఆ వీరుల శౌర్యం రవ్వంత కూడా తగ్గదు, నిజమే. కానీ అంత పెద్ద సామ్రాజ్యం, అంత పెద్ద పతకం, ఒక్క గుమస్తా మొదటి రోజు నుంచి సరిగ్గా తూకం రాసి తాళం వేసి ఉంటే ఈ అనుమానమే ఉండేది కాదు. ఇప్పుడు మిగిలిన ఆ కంచును బ్రిటిష్ సైన్యం పెద్ద కాపలాలో దాచింది.

సరిగ్గా చేసిన ఉదాహరణా వాళ్ళ దగ్గరే ఉంది. వాళ్ళ అడ్మిరల్ నెల్సన్ చనిపోయిన విక్టరీ ఓడ నుంచి తీసిన పాత రాగిని, 1905లో ట్రఫాల్గర్ యుద్ధానికి నూరేళ్ళు నిండినప్పుడు, నావికుల సంక్షేమ సంఘానికి నౌకాదళం వారే ఇచ్చారు. దాంతో చేసిన చిన్న పతకాల మీద ఇందులో విక్టరీ రాగి ఉందని అచ్చు వేశారు. ఇచ్చినవాళ్ళు ఎవరో వస్తువు మీదే ఉంది. నేను మిమ్మల్ని అడిగేది కూడా అంతే.

ఇక పని సంగతి. ఇది నాకు తెలిసిన విషయం కనుక కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఓడంటే అందరికీ ఉక్కు గుర్తొస్తుంది. ఉక్కు ఉంగరం చేయవచ్చు గానీ కంసాలి కుంపటికి ఉక్కు కరగదు, దానికి 1500 డిగ్రీల దాకా కావాలి. రేకును కోసి లేతు మీద తిప్పాలి. పైగా చెమటకు తుప్పు పడుతుంది. బాగా కాల్చి అవిసె నూనెలో ముంచితే నల్లటి పొర పట్టి కొంతకాలం ఆగుతుంది, అంతే. ఓడలో ఉంగరానికి అనువైన లోహం వేరే ఉంది. ఉప్పునీటి గొట్టాల వాల్వులు, పంపుల లోపలి భాగాలు గన్‌మెటల్‌తో చేస్తారు. నూటికి ఎనభై ఎనిమిది పాళ్ళు రాగి, పది తగరం, రెండు జింకు. ఒకప్పుడు ఫిరంగులు పోసిన లోహం కాబట్టే ఆ పేరు. ఉప్పుకు లొంగదు. కుంపటి మంటకు కరుగుతుంది.

నమూనా కోసం చేపల రేవులో పాత మరబోటు వాల్వు ఒకటి కొన్నాను. అది యుద్ధనౌకది కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. పైన పచ్చటి చిలుము, లోపల ఉప్పు గట్టిపడి సున్నంలా ఉంది. రంపంతో ముక్క కోస్తే లోపల లేత ఎరుపు కలిసిన పసుపు, అప్పుడే కోసిన జామపండు గుజ్జు రంగు. మొదట బంగారంలాగే కడ్డీ పోసి సుత్తితో సాగదీయబోయాను. రెండో దెబ్బకు పగిలింది. బంగారానికి ఉన్న ఓర్పు దానికి లేదు. మళ్ళీ కరిగించి, మూసలో చిటికెడు వెలిగారం వేసి, ఇసుక అచ్చులో నేరుగా ఉంగరంగానే పోత పోశాను. మూడోసారికి కుదిరింది. లోపలి వైపు పల్చటి వెండి రేకు పొదిగాను, లేకపోతే వేలికి పచ్చ మరక పడుతుంది. బయటి వైపు ఆకురాయి గీతలు కొన్ని ఉంచేశాను. అద్దంలా మెరిపిస్తే అది కొట్లో కొన్న ఉంగరంలా ఉంటుంది. తూకం తొమ్మిదిన్నర గ్రాములు.

నేనొక్కణ్ణే వేలాది ఉంగరాలు చేయలేను, చేయాలన్న ఆశా లేదు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పోత పని తెలిసిన కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. స్టీలు గిన్నెలు వచ్చాక వాళ్ళ చేతికి పని తగ్గింది. పోత వాళ్ళు పోస్తారు, మెరుగు, వెండి పొదుగు మా సందులో చేస్తాం. ఓడలో తీసేసిన చెక్క ఉంటే దాన్ని ఏటికొప్పాక వాళ్ళు లక్కతో తిప్పి చిన్న పెట్టెలు చేయగలరు, ఉంగరం అందులో పెట్టి ఇవ్వచ్చు. ఈ ముగ్గురూ మీ రేవుకు కొద్ది గంటల దూరంలోనే ఉన్నారు.

వంద కిలోలని ఎందుకన్నానంటే, లెక్క వేశాను. ఈ రేవులోనే 2021 మే 21న డీకమిషన్ అయిన రాజ్‌పుత్‌ను తీసుకోండి, 1971 నాటి పాత రాజ్‌పుత్ కాదు, అదే పేరుతో తర్వాత వచ్చిన ఓడ. 1980 మే 4న కమిషన్ అయింది, నలభై ఒక్కేళ్ళు నడిచింది. ఒక్కో కాలంలో మూడు వందల మందికి పైగా అందులో ఉండేవారు. మారుతూ వచ్చినవాళ్ళందరినీ కలిపి ఐదు వేలమంది అనుకుందాం, ఇది నా అంచనా మాత్రమే, అసలు పట్టిక మీ దగ్గరే ఉంటుంది. ఉంగరానికి పది గ్రాముల చొప్పున యాభై కిలోలు. పోతలో పోయేది, అరగదీతలో రాలే రజను, పగిలి మళ్ళీ పోయాల్సినవి కలుపుకుంటే ఇంకో యాభై. ఆ ఓడ ఐదు వేల టన్నులకు దగ్గర. అందులో వంద కిలోలు మా తూకంలో కంటికి ఆనని గింజ. ఖజానాకు తగ్గే సొమ్ము కూడా తుక్కు ధరకు లక్ష రూపాయలు దాటదని నా నమ్మకం.

రాజ్‌పుత్‌కు ఆఖరి పతాకం దించిన సాయంత్రం కరోనా ఉధృతి. రేవులో ఉన్న కొద్దిమంది అధికారులు, నావికులే నిలబడ్డారు. ఆ ఓడను తమ యవ్వనంలో నడిపినవాళ్ళు కేరళలో, బీహారులో, మన గోదావరి ఊళ్ళలో ఫోనులో చూసి ఊరుకున్నారు. వాళ్ళు రాలేకపోయిన ఆ సాయంత్రం వాళ్ళ వేలికి చేరే దారి ఇంకేముంది చెప్పండి?

అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. రహస్యాలున్న పరికరాల జోలికి పోనక్కర్లేదు, నీటి గొట్టపు వాల్వులో రహస్యం ఉండదు. పాత ఓడల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, అడుగు పెయింటులో సీసం ఉంటుంది, కాబట్టి ఏది తీయాలో మీ డాక్‌యార్డు వాళ్ళే తీసి, శుభ్రం చేసి ఇవ్వాలి. మందుగుండుకు సంబంధించిన ముక్క ఒక్కటి కూడా వద్దు. తూటా తొడుగులతో ఉంగరాలు చేస్తామని బయలుదేరేవాళ్ళను చూస్తే నాకు భయం. పేలిందో లేదో తెలియని లోహాన్ని ఏ కంసాలీ మంట మీద పెట్టకూడదు. ఉంగరం మీద జాతీయ చిహ్నం వేయొద్దు, దానికి చట్టం ఉంది. ఓడ సంఖ్య చాలు. రాజ్‌పుత్ అయితే డి51. దాని పక్కన వరస సంఖ్య. లోపలి వెండి మీద పేరు. దాంతో పాటు మీ కార్యాలయం ముద్ర ఉన్న ఒక కాగితం: ఈ లోహం ఫలానా ఓడ ఫలానా భాగం నుంచి ఫలానా రోజు తీశాం అని మూడు పంక్తులు. తీసిన తూకం, వాడిన తూకం, మిగిలిన తూకం ఒక పుస్తకంలో. మా వృత్తిలో రజనుకు కూడా లెక్క చెప్పడం అలవాటే, ఆ విషయంలో మమ్మల్ని నమ్మండి.

ముందు ఎవరికి ఇవ్వాలన్నది మీరు నిర్ణయించాలి గానీ, నా మనసులో మాట చెబుతాను. ఆ ఓడలో ఉండగా ప్రాణం పోయినవాళ్ళ ఇంటికి మొదటి ఉంగరం వెళ్ళాలి. భార్య ఉంటే ఆమె వేలి కొలతకు, తల్లి ఉంటే తల్లి వేలి కొలతకు. 1971 డిసెంబరు 9న డయ్యూ దగ్గర ఖుక్రీ మునిగినప్పుడు కెప్టెన్ ముల్లా సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఆ ఓడ సముద్రం అడుగున ఉంది, దాన్ని అలాగే ఉండనివ్వాలి, సమాధిని తవ్వం కదా. కానీ అదే పేరుతో వచ్చిన రెండో ఖుక్రీ 2021 డిసెంబరు 23న ఈ విశాఖలోనే సేవ ముగించి డయ్యూలో స్మారకంగా చేరింది. అలాంటి ఓడకు ఎప్పుడైనా మరమ్మతులో మార్చే పాత వాల్వు ఒకటుంటే, ఆ 194 ఇళ్ళకు 194 ఉంగరాలు చాలు. ఉంగరాల తూకం మొత్తం రెండు కిలోలు కూడా అవ్వదు.

ఆ తర్వాత నావికులు, అధికారులు. వాళ్ళతో పాటే డాక్‌యార్డు సివిలియన్ కార్మికులను మర్చిపోకండి. వెల్డర్లు, ఫిట్టర్లు, పెయింటర్లు యూనిఫారం వేసుకోలేదు గానీ ఓడను నిలబెట్టింది వాళ్ళ చేతులు కూడా. మా మామయ్య నేవీలో పదవీ విరమణ చేశాక డాక్‌యార్డులోనే ఫిట్టరుగా చేశారు. రాజ్‌పుత్ తరగతి ఓడలు మరమ్మతుకు వస్తే వాల్వులు విప్పి బిగించేవారు. నా నమూనా ఉంగరం చూపిస్తే వేలితో అటూ ఇటూ తిప్పి, "గన్‌మెటల్. ఇలాంటివి నా చేతిలో ఎన్ని వందలు తిరిగాయో," అన్నారు. పెట్టుకోమన్నాను. పెట్టుకోలేదు. "మరబోటుది నాకెందుకురా. ఆ బోటు సరంగు ఎవరో ఉంటాడు, అతనికియ్యి."

ఇచ్చేశాను. ఆ సరంగును వెతికి పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. ముప్పై ఏళ్ళు ఆ బోటు నడిపిన మనిషి. ఉంగరం చిటికెన వేలికి మాత్రమే పట్టింది, మిగతా వేళ్ళు వలతాళ్ళు లాగి లాగి లావెక్కాయి. ఆయనకు కాగితం అక్కర్లేకపోయింది. వాల్వు పేరు చెప్పగానే బోటులో అది ఏ పక్క ఉండేదో ఆయనే చూపించాడు.

విక్రాంత్ అయిపోయింది. మరో విమానవాహక నౌక విరాట్‌ను మన రాష్ట్రానికి తెచ్చి నిలబెట్టాలని ఒక దశలో ప్రభుత్వం అనుకున్నా కుదరలేదు, అదీ 2020లో 38 కోట్ల చిల్లరకు అమ్ముడై ఓడలు కోసే అలంగ్ రేవుకు చేరింది. వాటి గురించి ఇప్పుడు ఎవరినీ నిందించను. ఇంకా ఈ రేవులో కట్టి ఉన్న ఓడలకు ఒక్కొక్కదానికీ ఒక సాయంత్రం వస్తుంది. ఆ సాయంత్రానికి ముందే, మీ సంతకంతో ఒక చిన్న ఉత్తర్వు ఉంటే చాలు. ఢిల్లీ అనుమతి కావాలంటే ఈ లేఖను మీ మాటగా పైకి పంపండి.

ఈ లేఖ మొదటి ప్రతి మీ కార్యాలయానికి చేర్చేటప్పుడు దానికి ఒక దారం కుట్టి ఇస్తున్నాను. మా మామయ్య కుడి చేతి ఉంగరపు వేలి కొలత అది. ఆయన చేత్తో విప్పి బిగించిన ఓడ ఏదో ఒకటి ఈ రేవులో సేవ చాలించే రోజున పనికొస్తుంది. మొన్న ఆదివారం తీశాను. వేలు ఇదివరకటి కంటే సన్నబడింది, అందుకని కణుపు దగ్గర కూడా కొలిచి రెండో ముడి వేశాను. పోత పోసేవాళ్ళు పెద్ద ముడికే చేయాలి. నూలు దారమే, సాగదు.

భవదీయుడు,
కురుపాం మార్కెట్టు కంసాలి ఒకడు
విశాఖపట్నం